డిశ్చార్జి కాగితం ఎవరి చేతికి ఇస్తున్నాము?



మా సర్జికల్ వార్డులో అడ్మిషన్ రిజిస్టరు పక్కన ఇంకొక చిన్న నోటు పుస్తకం ఉంటుంది. ఆపరేషను చేయించుకుని ఇంటికి వెళ్ళిన 30 రోజులలోపు, మేము రమ్మని చెప్పకుండానే, ఏదో ఒక ఇబ్బందితో తిరిగి వచ్చి చేరిన వారి పేర్లు అందులో రాస్తాము. హెర్నియా, అపెండిసైటిస్ పేషెంట్ల పేర్లు అందులో అరుదుగా కనబడతాయి. నోటి క్యాన్సర్ ఆపరేషను అయినవారి పేర్లు మాత్రం తరచుగా కనబడతాయి. ఆ పుస్తకాన్ని చూసినప్పుడెల్లా వార్డులో వినబడే మాట ఒకటే: "ఇంటి దగ్గర సరిగ్గా చూసుకోలేదు." మేము కూడా చాలా సంవత్సరాలు అదే మాట అన్నాము. ఇప్పుడు అనడం లేదు. ఇటువంటి చేరికలలో చాలా వాటికి బీజం ఇంటి దగ్గర కాదు, డిశ్చార్జి రోజున మా వార్డులోనే పడుతున్నదని మా అభిప్రాయం. అది ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మన దేశంలో 2022 సంవత్సరపు అంచనాల ప్రకారం పెదవి, నోటి క్యాన్సర్ కొత్తగా వచ్చినవారు లక్షా నలభై వేలకు పైగా ఉన్నారు. గుట్కా, ఖైనీ, జర్దా కిళ్ళీ సంగతి అందరికీ తెలిసినదే. గుట్కాను నిషేధిస్తే పాన్ మసాలా ఒక ప్యాకెట్టు, పొగాకు ఒక ప్యాకెట్టు విడివిడిగా అమ్ముతున్నారు, కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటున్నాడు. మన శ్రీకాకుళం, విశాఖపట్నం తీరప్రాంతంలో వీటికి తోడు అడ్డపొగ కూడా ఉన్నది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే పెద్దవయసు స్త్రీలకు అంగిలిలో క్యాన్సర్ రావడం వైద్యులు ఎప్పటినుండో గమనిస్తున్నారు. దీని గురించి ఈ పత్రికలో ఇదివరకే రాసి ఉన్నాము గనుక ఇక్కడ ఆగుతాము.

మేము జనరల్ నర్సింగ్ చదువుకున్న రోజుల్లో ఇటువంటి పెద్ద ఆపరేషను అయిన పేషెంటు కుట్లు విప్పి, నోటితో తినడం మొదలుపెట్టే వరకు వార్డులోనే ఉండేవాడు. ఇరవై రోజులున్నా ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఇప్పుడు వారం, పది రోజులకే ఇంటికి వెళ్ళిపోతున్నాడు. ఇది తప్పు అని మేము అనడం లేదు. ఎక్కువ రోజులు ఆసుపత్రిలో ఉంటే వచ్చే ఇన్‌ఫెక్షన్లు వేరే ఉన్నాయి, మంచం కోసం ఎదురు చూస్తున్న ఇంకొక క్యాన్సర్ రోగి ఉన్నాడు. కాని ఒక సంగతి గమనించండి. వెనుకటి రోజుల్లో చివరి పది రోజులు నర్సులు చేసిన పని ఎక్కడికీ పోలేదు. ముక్కు గొట్టం ద్వారా ఆహారం పోయడం, నోరు శుభ్రం చేయడం, మెడ మీద కుట్లు చూడడం, జ్వరం చూడడం, ఇవన్నీ ఇంటికి మారినవి. మూడేళ్ళు చదివి మేము నేర్చుకున్న పనిని, ఒక పూట కూడా నేర్పకుండా, ఒక ఇల్లాలి మీద పెట్టి పంపిస్తున్నాము.

ఒక కుటుంబం గురించి చెబుతాము. ఊరు, పేరు చెప్పము. అతనికి 44 సంవత్సరాలు, లారీ మీద పని. బుగ్గ లోపల పుండు. సర్జన్ గారు బుగ్గ, దవడ ఎముకలో కొంత భాగం, మెడలో గడ్డలు తీసివేసి, ఛాతీ కండతో ఆ ఖాళీని పూడ్చారు. ఆపరేషను చక్కగా జరిగింది. తొమ్మిదవ రోజు ఉదయం రౌండ్స్‌లో "రేపు పంపేయండి" అన్నారు. మరుసటి రోజు మధ్యాహ్నం మంచం ఇంకొకరికి కావలసి వచ్చింది. బిల్లు కౌంటరు దగ్గర అతని బావమరిదికి, అనగా భార్య తమ్మునికి, మా సిస్టర్ మందులు, ముక్కు గొట్టం సంగతి పది నిమిషాలు చెప్పారు. అతను తల ఊపాడు. బయట ఆటో ఆగి ఉంది. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంది. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అయిదవ రోజు రాత్రి అతనిని తిరిగి తీసుకొచ్చారు. ముక్కు గొట్టం లేదు. 102 జ్వరం. మెడ కుట్ల మధ్యనుండి నీళ్ళలాగా కారుతోంది. అది చెమట కాదు, నోటిలోని లాలాజలం. లోపలి కుట్టు విడిపోయి నోటినుండి మెడకు దారి ఏర్పడింది. ఏమి జరిగిందని అడిగితే భార్య చెప్పింది. జావ చిక్కగా కాచి పోసింది, ఉండ అడ్డుపడి గొట్టం మూసుకుపోయింది. సిరంజితో గట్టిగా నొక్కింది. వెళ్ళలేదు. లాగి చూస్తే ఊడి వచ్చింది. రెండు రోజులు నోటిలోనే చెంచాతో మజ్జిగ, గంజి పోసింది.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మా సిస్టర్ కోప్పడింది. "అన్నీ చెప్పి పంపించాము కదమ్మా, ఇంత అజాగ్రత్త అయితే ఎలాగ?" అంది. ఆమె ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. "నాకెవులు సూపించినారు సిస్టరమ్మా? కాయితం మా తమ్ముడి కాడ ఉంది. ఆడు మర్నాడే పనికి మెడ్రాసు ఎల్లిపోనాడు" అంది.

ఆమె అన్నది నిజం. ఆపరేషను అయిన పది రోజుల్లో ఆమె వార్డుకు వచ్చింది రెండే సార్లు. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు, అత్తగారు, ఒక గేదె. ఆమె రాలేకపోయిన సంగతి మాకు తెలుసు. గొట్టంలో ఆహారం పోయబోయేది ఆమె అని కూడా మాకు తెలుసు. అయినా కౌంటరు దగ్గర దొరికిన మనిషికి చెప్పి, చెప్పినట్టు సంతకం తీసుకున్నాము.

అతను ఈసారి 19 రోజులు ఉన్నాడు. దారి మెల్లగా మూసుకుంది. కాని ఆ 19 రోజుల ఖరీదు మంచం అద్దె, మందుల లెక్కతో తేలేది కాదు. మెడలో గడ్డలకు క్యాన్సర్ పాకినవారికి, పుండు లోతుగా ఉన్నవారికి ఆపరేషను తర్వాత రేడియేషన్ ఇవ్వాలి. ఆపరేషను జరిగిన 6 వారాలలోపు అది మొదలు కావాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. పుండు మానకుండా రేడియేషన్ మొదలుపెట్టలేరు. అతనికి మొదలయ్యేసరికి పదవ వారం వచ్చింది. మరుసటి సంవత్సరం మెడలో మళ్ళీ గడ్డ కనబడింది. ఆలస్యమే దానికి కారణమని మేము చెప్పలేము. కాదు అని కూడా చెప్పలేము. నోటు పుస్తకంలో అతని పేరు ఉన్న పేజీ దగ్గర మా చేయి ఇప్పటికీ ఆగుతుంది.

తిరిగి వచ్చిన ప్రతి పేషెంటూ ఒక తప్పుకు గుర్తు అని మాత్రం అనుకోకూడదు. అంగిలి ఆపరేషను అయిన ఒక ముసలమ్మను, గొట్టంలో పాలు పోసినప్పుడు దగ్గు వస్తున్నదని ఆమె కూతురు మూడవ రోజే తీసుకొచ్చింది. "ఇంత చిన్న దానికి ఆటో ఖర్చు దండగ" అని కొడుకు విసుక్కున్నాడట. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తిలో నిమ్ము అప్పుడే మొదలవుతోంది. నాలుగు రోజుల్లో తగ్గి ఇంటికి వెళ్ళింది. ఇంకొక వారం ఆగి ఉంటే ఆమె నడిచి వచ్చేది కాదు. మా పుస్తకంలో ఈమె పేరు, ఆయన పేరు ఒకే వరుసలో ఉంటాయి. రెండూ ఒకటి కావు. అందువలన తిరిగి చేరేవారి సంఖ్య తగ్గించండి అని ఎవరైనా పై నుండి ఆజ్ఞ వేస్తే మాకు భయం. అటువంటి ఆజ్ఞ వచ్చిన చోట, రాత్రిపూట గేటు దగ్గరికి వచ్చినవారికి "రేపు ఓపీకి రండి" అనే జవాబు ఎక్కువవుతుంది.

ఇక ఆహారం సంగతి. ఇది కొంచెం వివరంగా రాయక తప్పదు, ఎందుకంటే పుండ్లు మానకపోవడానికి మాకు కనబడే కారణాలలో ఇది పెద్దది. మన ఇళ్ళలో ఒక నమ్మకం ఉన్నది: పప్పు పెడితే చీము పడుతుంది, గుడ్డు వేడి చేస్తుంది, పాలు కఫం. ఆపరేషను అయిన మనిషికి పథ్యమని చెప్పి గంజి నీళ్ళు, కొబ్బరి నీళ్ళు, బార్లీ మాత్రమే పోస్తారు. ఇది ప్రేమతో చేసే పనే. ఆ మనిషి మాత్రం వారం తిరిగేసరికి పుల్ల అవుతాడు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వలన గాని పప్పు వలన కాదు. తెగిన కండ అతుక్కోవడానికి మాంసకృత్తులు కావాలి, అవి పప్పులో, గుడ్డులో, పాలలో ఉన్నవి, గంజి నీళ్ళలో లేవు.

50 కిలోల మనిషికి రోజుకు సుమారు 1500 క్యాలరీలు, 60 నుండి 75 గ్రాముల మాంసకృత్తులు కావాలి. వినడానికి పెద్ద లెక్కలాగా ఉంటుంది గాని మన వంటింట్లో దొరికేదే. ఒక లీటరు పాలు, రెండు ఉడికించిన గుడ్లు, ఒక గుప్పెడు, అనగా 50 గ్రాముల పెసరపప్పు, అంతే తూకం రాగిపిండి, నాలుగు చెంచాల నూనె, 50 గ్రాముల పంచదార. ఇవి రోజు మొత్తంలో లోపలికి వెళితే అవసరం దాదాపుగా తీరుతుంది. షుగరు ఉన్నవారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ లెక్క వేరు, వారు డాక్టరు గారిని అడగాలి. పప్పు మెత్తగా ఉడికించి, గుడ్డుతో సహా మిక్సీలో వేసి, పలుచని శుభ్రమైన గుడ్డలో వడకట్టాలి. పచ్చి గుడ్డు కొట్టి పోయకూడదు. ఒక్కొక్కసారి 200 మిల్లీలీటర్లు, అనగా ఒక గ్లాసు, రెండు మూడు గంటలకు ఒకసారి. పోయడానికి ముందు గొట్టం మీద వేసిన గుర్తు ముక్కు దగ్గరే ఉన్నదా అని చూడాలి. మనిషిని కూర్చోబెట్టి పోయాలి, పోసిన తర్వాత అరగంట పడుకోనివ్వకూడదు. చివర పావు గ్లాసు మంచినీళ్ళు పోస్తే గొట్టం మూసుకుపోదు. ఆ లారీ మనిషి భార్యకు ఈ చివరి మాట ఒక్కటి ఎవరైనా చేసి చూపించి ఉంటే ఎంత బాగుండేది.

మాత్రల గురించి కూడా ఒక మాట. మింగలేడు గదా అని బీపీ మాత్ర మానేసినవారిని చూశాము. అన్నీ ఒకే రోట్లో నూరి పోసినవారిని కూడా చూశాము. కొన్ని మాత్రలు రోజంతా మెల్లగా కరిగేటట్లు తయారుచేసినవి. అవి నూరితే మందు అంతా ఒక్కసారే ఒంట్లోకి పోయి కళ్ళు తిరిగి పడిపోవచ్చు. ఏది నూరవచ్చో ఏది నూరకూడదో డిశ్చార్జికి ముందే మమ్మల్ని అడగండి. మేము చెప్పకపోతే అది మా తప్పు, మీరు అడగకపోవడం తప్పు కాదు. అయినా అడగండి.

ఏవి చూస్తే తెల్లవారే వరకు ఆగకుండా రావాలి? అన్నిటికంటే ముందు, నోటినుండి గాని మెడనుండి గాని ఎర్రటి తాజా రక్తం. చెంచాడే వచ్చి ఆగిపోయినా సరే. "ఆగిపోయింది గదా" అని పడుకోవద్దు. మెడలో పెద్ద రక్తనాళం దెబ్బతిన్నప్పుడు మొదట కొంచెం వచ్చి ఆగడం, తర్వాత ఒక్కసారిగా రావడం మేము చూశాము. గొంతు దగ్గర గొట్టం ఉన్నవారికి ఊపిరి ఈలలాగా శబ్దం చేస్తే లోపలి గొట్టం తీసి కడిగి పెట్టాలి, అప్పటికీ తగ్గకపోతే బయలుదేరాలి. మెడ కుట్లనుండి నీళ్ళలాగా గాని పాలలాగా గాని కారడం, 100.4 దాటిన జ్వరం, పోస్తుంటే దగ్గు, ఉదయంనుండి మూత్రం రాకపోవడం, ఇవన్నీ అదే రోజు చూపించవలసినవి. ముక్కు గొట్టం ఊడిపోతే దానిని మీరే లోపలికి తోయవద్దు, నోటితో కూడా ఏమీ పోయవద్దు, ఆ గొట్టం చేత పట్టుకుని వచ్చేయండి. ఛాతీ కండ నోట్లో పెట్టినవారికి కొంతకాలానికి నోట్లో వెంట్రుకలు మొలవడం మాత్రం ప్రమాదం కాదు. ఒకాయన ఆ భయంతో అర్ధరాత్రి వచ్చారు. ముందే చెప్పనందుకు మేమే సిగ్గుపడ్డాము.

ఇప్పుడు మా వాదనకు వస్తాము. డిశ్చార్జి అనేది డాక్టరు గారు సంతకం పెట్టే నిమిషం కాకూడదు. కనీసం మూడు రోజుల ముందు ఆ మాట వార్డులో అందరికీ తెలియాలి. ఆ మూడు రోజులు ఇంటి దగ్గర పోయబోయే మనిషి, భార్య గాని కోడలు గాని కూతురు గాని, వార్డులో ఉండాలి. మొదటి రోజు ఆమె చూస్తుంది, సిస్టర్ చేస్తుంది. రెండవ రోజు ఆమె చేస్తుంది, సిస్టర్ చేయి పట్టుకుంటుంది. మూడవ రోజు ఆమె ఒక్కతే చేస్తుంది, సిస్టర్ పక్కన నిలబడి ఏమీ మాట్లాడదు. అప్పుడు గాని సంతకం పెట్టకూడదు. చెప్పామని మేము తీసుకునే సంతకానికి విలువ లేదు, ఆమె చేయగలిగిందని మా సిస్టర్ పెట్టే సంతకానికి విలువ ఉంది.

ఆమె కూలి పోతుంది గదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన తర్వాత ఆపరేషను ఖర్చు భయం మన ఊళ్ళలో చాలా తగ్గింది. ఇప్పుడు మన రాష్ట్రంలో అదే పథకం ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. కాని పక్కన ఉండే ఆడమనిషి పోగొట్టుకునే కూలి ఏ కార్డు మీదా రాదు. ఆ మూడు రోజులూ ఆమెకు వార్డులో పడుకోవడానికి చోటు, రెండు పూటలా భోజనం మన ఆసుపత్రే ఇవ్వాలని మేము కమిటీవారిని అడుగుతున్నాము. పిల్లలను వదిలి రాలేకపోతే పిల్లలతోనే రానివ్వాలి.

నర్సులు చాలరు అనేది రెండవ అభ్యంతరం. నిజమే, చాలరు. రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టర్ ఎన్ని మంచాలు చూస్తున్నదో మాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? కాని లెక్క ఒకటి వేయండి. నేర్పడానికి పట్టేది రోజుకు అరగంట, మూడు రోజులకు గంటన్నర. ఆ లారీ మనిషి 19 రోజులు, రోజుకు రెండు మూడు డ్రెస్సింగులు. ఆ గంటన్నర లేదు అన్న వార్డుకు ఈ 19 రోజులు ఎక్కడనుండి వచ్చాయి?

డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉండడం ఇతర డాక్టర్ల కోసం, అది ఉండనివ్వండి. దానితోపాటు తెలుగులో, పెద్ద అక్షరాలలో, బొమ్మలతో ఇంకొక కాగితం ఉండాలి. చదువు రాని ఇళ్ళకు బొమ్మలే కాగితం. ఇంటికి వెళ్ళిన రెండవ రోజు, అయిదవ రోజు వార్డునుండి ఫోను వెళ్ళాలి. ఆ ఫోను కంప్యూటరు గదిలోని అబ్బాయి కాదు, ఆ పేషెంటును ఎరిగిన సిస్టర్ చేయాలి. "బాగున్నారా" అని అడిగితే "బాగున్నాం" అనే చెబుతారు. "పొద్దుటినుండి ఎన్ని గ్లాసులు పోశారమ్మా? కుట్టు దగ్గర దిండు తడిసిందా?" అని అడగాలి.

ఇవన్నీ మేము పూర్తిగా చేస్తున్నామని చెప్పుకోవడం లేదు. మూడు రోజుల నేర్పు మొదలుపెట్టాము, కొన్ని వారాలు జరుగుతుంది, స్టాఫ్ సెలవులో ఉన్న వారం ఆగిపోతుంది. అంకెలు చూపించేంత కాలం కాలేదు. ఆ లారీ మనిషి భార్య మాత్రం రెండవసారి డిశ్చార్జికి ముందు మూడు పూటలు కాదు, పన్నెండు రోజులు తానే పోసింది. పక్క మంచం ఆయన కోడలికి గొట్టం కడగడం నేర్పింది ఆమే. వెళ్ళే రోజు మా సిస్టర్ కాగితాలు పట్టుకుని కౌంటరు వైపు వెళుతుంటే అడ్డం వచ్చి, "కాయితం నా సేతికే ఇయ్యి తల్లీ" అని తీసుకుని కొంగున ముడి వేసుకుంది.

సంఘ పెద్దలకు, పాస్టరు గార్లకు, గ్రామాలలోని ఆశా కార్యకర్తలకు ఒక మనవి. మీ ఊరికి ఎవరైనా నోటి ఆపరేషను చేయించుకుని ముక్కు గొట్టంతో వచ్చినట్లయితే, ప్రార్థనకో పరామర్శకో వెళ్ళినప్పుడు గొట్టంలో పోసేది ఎవరని అడగండి. ఆమెను ఏ మంగళవారమైనా మధ్యాహ్నం 2 గంటలకు మా డ్రెస్సింగ్ రూముకు పంపండి. ఆపరేషను వేరే ఆసుపత్రిలో జరిగినా ఫరవాలేదు, ఓపీ చీటీ అవసరం లేదు. వచ్చేటప్పుడు ఇంట్లో వాడుతున్న సిరంజి, వడకట్టే గుడ్డ వెంట తెచ్చుకోమనండి.